మేత పోరంబోకు బీడు కాదు

గ్రామ పంచాయతీ సభ్యులారా,

వానలు కురియగానే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని మేత పోరంబోకులు పచ్చబడును. గరిక, చెంగలిగడ్డి మొలచును. వాటి నడుమ విష్ణుక్రాంత నీలముగను, తంగేడు పసుపుగను పూచును. తుమ్మిపూలకు తేనెటీగలు చేరును. వెంపలి నేలకు నత్రజని సమకూర్చును. వేసవిలో గడ్డి ఎండినను దాని వేళ్లు మట్టిని పట్టియుంచును. ఇట్టి నేలను బంజరని పిలిచి మనమే చులకన చేయుచున్నాము. చులకనయైన నేల ఆక్రమణకును, సర్కారు తుమ్మకును లోనగును.

పొరుగున నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును 1988లో బట్టమేకపిట్టకై అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ పక్షి గడ్డి నడుమ నేలమీదనే గ్రుడ్డు పెట్టును. చుట్టునున్న బయళ్లు సాగులోనికి పోవుటతో నేడది అక్కడ కానవచ్చుటయే అరుదైనది.

మన బయళ్ల రక్షణ మన చేతిలోనే యున్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము మేత పోరంబోకును గ్రామ పంచాయతీకి అప్పగించినది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఆదేశించినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి పంచాయతీ ఒక కమిటీని ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయింపవలెను.

కావున ఈ వానకారున గొర్రెల కాపరులను, వృద్ధులను వెంటబెట్టుకొని పోరంబోకు తిరుగుదము. వారు చెప్పు గడ్డి పేర్లు, పూల పేర్లు, వాటి ఉపయోగములు రిజిస్టరున కెక్కింతము. సర్కారు తుమ్మను మొలకగా నున్నప్పుడే వేళ్లతో పెరికింతము. ఏటేట ఒక భాగమును గింజ రాలువరకు మేపక విడుతము. చెట్లు నాటుటకు వీధులు, పాఠశాలల ఆవరణలు కలవు; గడ్డినేలలో గుంటలు త్రవ్వవలదు. వచ్చు సమావేశముననే ఈ తీర్మానము చేయుదము.