మాటకు అడ్డుపడేది ఎవరు?

ఢిల్లీలో ధౌలా కువాన్ వద్ద తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. అక్కడి కూడలిలో పోలీసులు రోడ్డు మూస్తే బారికేడ్ కనిపిస్తుంది, ఎందుకని అడగవచ్చు. ఇంటర్నెట్‌లో అడ్డు కంటికి కనిపించదు.

మీ సందేశం ప్యాకెట్లుగా విడిపోయి ముందు టెలికాం కంపెనీ టవర్‌కు, అక్కడి నుంచి ఫేస్‌బుక్ వంటి కంపెనీల సర్వర్‌కు చేరుతుంది. సర్వర్ దగ్గర కంపెనీ తన నిబంధనలు చూపి మీ మాటను తొలగించవచ్చు. ప్రభుత్వమైతే రెండు చోట్లా ఆపించగలదు. 2019 డిసెంబరు 19న, పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనల సమయంలో, ఢిల్లీలోని కొన్ని ప్రాంతాల్లో మొబైల్ ఇంటర్నెట్ అలాగే ఆగిపోయింది.

ఇతరులకు చికాకు కలిగించే సందేశం పంపినా మూడేళ్ల వరకు జైలు అన్నది ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్. ఖగోళ భౌతికశాస్త్రం చదివిన ఢిల్లీ యువతి శ్రేయా సింఘాల్ 2012లో దాన్ని సవాలు చేసింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. అయితే, వెబ్‌సైట్లను నిరోధించే 69ఎ సెక్షన్‌ను అదే తీర్పు నిలబెట్టింది. దాని నిబంధనలు ఫిర్యాదులనూ, తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచమంటాయి.

హింసను రెచ్చగొట్టే మాటను ఆపవలసిందే. కాని ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో తెలియకపోతే తప్పును సరిదిద్దేదెలా? 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ మాట ఆగిన రోజున మీరూ మొదట అడగవలసింది అదే: ఉత్తర్వు ఏది? కారణమేమిటి?