తెర వెనుక పదహారో నంబరు



పెళ్లి ఊరేగింపు వీధిలోకి వస్తోందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తని వాళ్లెవరు? బ్యాండు మేళంలో డోళ్లు, క్లారినెట్లతోపాటు ఒకాయన పొడుగాటి ఇత్తడి గొట్టాన్ని ముందుకు తోసి, వెనక్కి లాగి వాయిస్తూ ఉంటాడు, గుర్తుందా? చిన్నప్పుడు ఆ గొట్టం ఎక్కడ ఊడి మీద పడుతుందోనని మేం దూరంగా జరిగేవాళ్లం. దాని పేరు ట్రొంబోన్. దాన్ని వాయించే ఆడమనిషిని మాత్రం నేను ఏ ఊరేగింపులోనూ చూడలేదు. ఈవేళ మీకు చెప్పబోయేది ఆ వాద్యాన్నే వృత్తిగా చేసుకున్న ఒక అమెరికా అమ్మాయి కథ. కథ అన్నానే గాని, ఇది జరిగిన విషయమే.

ముందు ఆ వాద్యం సంగతి రెండు మాటల్లో చెబుతాను. దీనికి వేణువులాగా రంధ్రాలుండవు, హార్మోనియంలాగా మెట్లుండవు. మెలి తిరిగిన గొట్టాన్ని తిన్నగా సాగదీస్తే సుమారు 9 అడుగులు. కుడిచేత్తో జరిపే భాగానికి 7 స్థానాలు. ఆ స్థానాలకు గీతలూ లేవు, గుర్తులూ లేవు. కాస్త అటూ ఇటూ అయితే అపస్వరమే. చెవే దిక్కు. ఇక బరువంటారా? మనం రోజూ చంకనెత్తుకునే నిండు బిందె ముందు అదెంత!

పాశ్చాత్య సంగీతంలో ఆర్కెస్ట్రా అంటే డెబ్బై ఎనభైమంది, ఒక్కోసారి వందమంది కలిసి వాయించే పెద్ద బృందం. అందులో ట్రొంబోన్లు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో మొదటి స్థానానిది పెద్దరికం. బీథోవెన్ అయిదో సింఫనీలో నాలుగు భాగాలుంటే, మొదటి మూడింటిలోనూ ట్రొంబోన్‌కి పనే లేదు. ఇరవై నిమిషాలకు పైగా తాళం లెక్కపెట్టుకుంటూ వేదికమీద ఊరికే కూర్చోవాలి. నాలుగో భాగం మొదలవగానే ఒక్కసారిగా నిండు గొంతుతో అందుకోవాలి. అప్పుడు తడబడితే దాచుకోవడానికి చోటుండదు. ఓర్పూ ఉండాలి, ధైర్యమూ ఉండాలి. ఈ రెండూ ఆడవాళ్లకు కొత్తవా, మీరే చెప్పండి!

ఆ అమ్మాయి పేరు అబీ కోనంట్. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో 1955లో పుట్టింది. న్యూయార్కులోని పేరున్న జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదువుకుంది. తరువాత యూరప్ వెళ్లి, ఇటలీలో ట్యూరిన్ నగరపు ఒపేరాలో వాయించింది. 1980లో యూరప్‌లోని 11 ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటే ఒక్క చోటు నుంచే పిలుపు వచ్చింది. అది జర్మనీలోని మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా. ఆ ఉత్తరం మీద ఏమని ఉందో తెలుసా? "హెర్ అబీ కోనంట్" అని. హెర్ అంటే శ్రీయుత అన్నమాట. ట్రొంబోన్ వాయించే మనిషి మగవాడు కాక మరెవరవుతారనుకున్నారు కాబోలు!

పరీక్షకు 33 మంది వచ్చారు. వాళ్లలో ఒకరు ఆర్కెస్ట్రావారికి తెలిసినవాళ్ల అబ్బాయి. పక్షపాతమన్న మాట రాకుండా ఉండాలని ఆ రోజు వాయించేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య తెర కట్టారు. అబీది పదహారో నంబరు. ఫెర్డినాండ్ డావిడ్ అనే ఆయన ట్రొంబోన్ కోసం కూర్చిన కచేరీ రచన వాయించింది. మధ్యలో ఒక స్వరం చిట్లింది. ఇంకేముంది, అయిపోయిందనుకుని లోపలికి వెళ్లి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.

తెరకు ఇవతల సంగతి వేరు. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరు (బస్సు కండక్టరు కాదు లెండి!) సెర్గియు చెలిబిదాకి ప్రపంచమంతా పేరున్న మనిషి. మనకు కావలసింది ఈ మనిషే అని ఆయన కేక వేశాడట. ఇంకా 17 మంది వాయించవలసి ఉండగానే వాళ్లను ఇళ్లకు పంపేశారు. అబీని పేరు పెట్టి పిలిచారు. శ్రీయుత గారి కోసం చూస్తున్నవాళ్ల ముందుకు శ్రీమతి నడిచి వచ్చింది. అందరూ నోళ్లు తెరిచారు. అయినా మిగిలిన రెండు విడతల్లోనూ ఆమే నెగ్గింది. మొదటి ట్రొంబోన్ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

ఇక్కడితో ఆపేస్తే శుభం కార్డు పడిపోతుంది. కాని అసలు పరీక్ష తెర తీశాకే మొదలైంది.

ఏడాది తిరక్కుండానే, 1981లో, ఆమెను రెండో స్థానానికి దించేశారు. కారణం చెప్పలేదు. అడిగితే, మొదటి ట్రొంబోన్‌కు మగవాడు కావాలి అని కండక్టరు అన్నాడని ఆమె భర్త, స్వరకర్త విలియం ఆస్‌బర్న్ తరువాత రాశారు. 1982లో ఆమె కోర్టుకెక్కింది. అవతలివాళ్ల వాదన ఏమిటంటే, ఈమెకు శరీరబలం చాలదు, వాయిస్తుంటే ఆయాసం వినిపిస్తోంది అని. మొజార్ట్ రెక్వియంలో ట్రొంబోన్ ఒంటరిగా వాయించే ఘట్టం ఒకటుంది. అక్కడ ఊపిరి చాలలేదన్నారు.

అబీ ఏం చేసిందో చూడండి. ఏడుస్తూ కూర్చోలేదు. ఊపిరితిత్తుల ఆసుపత్రికి వెళ్లి యంత్రాల్లోకి ఊది చూపించింది. రక్తం ఇచ్చి ప్రాణవాయువు లెక్క కట్టించుకుంది. ఫలితాలు మామూలు మనుషులకంటే మెరుగ్గా వచ్చాయి. మీరు ఆటలాడే మనిషా అని అక్కడి నర్సు అడిగిందట! అదీ చాలలేదు. సంగీతం తెలిసిన నిపుణుణ్ణి ఒకరిని పెట్టి, ఆయన ఎదుట కఠినమైన ఘట్టాలు వాయించమన్నారు. వాయించింది. ఆయన మెచ్చుకుని రాసిచ్చాడు. 1988లో మొదటి స్థానం ఆమెకు తిరిగి వచ్చింది. అప్పుడు కూడా తోటి మగవాళ్లతో సమానంగా జీతం ఇవ్వలేదు. దానికోసం మరో అయిదేళ్ల పోరాటం. అదీ గెలిచింది. ఇన్నేళ్లూ ఒక పక్క కోర్టు, మరో పక్క కచేరీ. తనను వద్దన్న మనిషి చెయ్యి ఎత్తితే, అదే చేతి సైగకు శ్రుతి తప్పకుండా వాయించాలి! ఆ కష్టం ఎంతటిదో, మాట పడ్డ ఇంట్లోనే మర్నాడు నవ్వుతూ వడ్డించిన ఆడవాళ్లకు వేరే చెప్పాలా?

ఊపిరి మాట వచ్చింది కనుక ఒకటి గుర్తు చేస్తాను. నాదస్వరం ఆడవాళ్లకు అందేది కాదనే మాట మన దగ్గరా ఉండేది. కాలీషాబీ గారు భర్త షేక్ మహబూబ్ సుభానీ గారితో జంటగా అదే నాదస్వరం వాయించి, ఆయనతో కలిసి పద్మశ్రీ అందుకున్నారు. ఊపిరికి ఆడా మగా తేడా ఏమిటి?

అబీ 13 సంవత్సరాలు మ్యూనిక్‌లో వాయించి, తరువాత జర్మనీలోనే ట్రొసింగెన్ సంగీత కళాశాలలో ప్రొఫెసరుగా చేరి, ట్రొంబోన్ నేర్పింది.

ఇక తెర సంగతి. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి తెర వెనుక పరీక్షలు బాగా అలవాటు చేసుకున్నాయి. చెప్పుల చప్పుడు వినిపిస్తే ఆడమనిషి అని తెలిసిపోతుందని కొన్నిచోట్ల నేలమీద తివాచీ కూడా పరిచేవారు! అక్కడి అయిదు ప్రముఖ ఆర్కెస్ట్రాల్లో 1970లో నూటికి అయిదుగురు ఆడవాళ్లు కూడా లేరు. 1997 నాటికి నూటికి పాతికమంది అయ్యారు. అదంతా తెర మహిమే అనను గాని, అందులో దానికీ పాలు ఉందని పరిశోధకులు 2000లో లెక్కలతో చూపించారు.

ఒకప్పుడు మన ఇళ్లలో ఘోషా తెర ఆడదాన్ని లోకానికి కనపడనివ్వలేదు. అక్కడ అదే తెర ఆమె విద్యను లోకానికి వినపడనిచ్చింది. కాని అక్కచెల్లెళ్లారా, జీవితమంతా ఎవరూ తెర వెనుక ఉండలేరు కదా. బయటికి రాగానే "ఇది నీవల్ల కాదు" అనే మాట ఎదురవుతుంది. మీ అమ్మాయికో, కోడలికో, మీకో ఆ మాట వినవలసి వస్తే తల వంచుకుని ఊరుకోకండి. ఎందువల్ల కాదు, ఎవరు కొలిచారు అని మర్యాదగానే అడగండి. కొలుస్తామంటే కొలవనివ్వండి. ఆ తీర్పును కాగితం మీద రాసిమ్మనండి. పదహారో నంబరు అమ్మాయి చేసిందీ అదే.

ఈసారి వీధిలోకి బ్యాండు మేళం వచ్చినప్పుడు ఆ ఇత్తడి గొట్టాన్ని ఒకసారి పరకాయించి చూడండి. పక్కనే మీ చిన్నమ్మాయి నిలబడి "అమ్మా, అది నేను వాయించనా?" అంటే నవ్వి కొట్టిపారేయకండి.