మనసు పరేషానీ, ఫోనులో సలహాదారు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్య మీద మాట్లాడమని కార్యదర్శి గారు మమ్ములను కోరినారు. ప్రతి ఏడూ దాని మీదనే మాట్లాడుతున్నాము. ఈసారి మన్నించాలి, మా సొంత సంగతి చెప్పదలచినాము. ఇరువై ఏండ్లుగా ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుచున్న మాకు నిరుడు ఒకనాడు తరగతిలో చెయ్యి లేచింది. ఆ పిల్లవాడు చేసిన తప్పు ఏమంటే, పెన్సిలు అడిగినాడు. అంతే.

ఆ రాత్రి మా ఇంటావిడ, "మూడు నెలల నుంచి మీకు నిద్ర లేదు. నాకు తెలవదనుకున్నారా?" అన్నది.

కారణాలు మీ ఇండ్లలో ఉన్నవే. బడిలో పిల్లలు తగ్గుచున్నారు. బడి ఉంటుందో, వేరే బడిలో కలుపుతారో అన్న దిగులు. ఇంటి అప్పు కిస్తీ. పెద్దమ్మాయి పెండ్లి మాట. మన మన్ననూర్ చెక్‌పోస్టు కాడ రాత్రి తొమ్మిదికి గేటు పడితే శ్రీశైలం పోయే బండ్లు తెల్లారి ఆరు దాకా నిలిచిపోతవి కదా, మా తలకాయలో ఆలోచనలు అట్లనే వరుస కట్టేవి. తెల్లారినా గేటు లేచేది కాదు.

మన దిక్కు మనసు బాగలేదంటే తెలిసినవి రెండే దారులు: తావీజు, లేదంటే ఎర్రగడ్డ దవాఖాన. దువా చేయించుకున్నాము, అందులో మాకు సిగ్గు లేదు. ఎర్రగడ్డ పేరెత్తితే మాత్రము ఊరు ఊరంతా పిచ్చి అంటుంది. ఆడపిల్లలున్న ఇల్లు. అందుకని నోరు మూసుకున్నాము.

కేంద్ర ప్రభుత్వము వారు 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినము నాడు, టెలి మానస్ అని ఒక సేవ మొదలు పెట్టినారు. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. ముందు శిక్షణ పొందిన సలహాదారు వింటారు. అవసరమైతే డాక్టరుకు అప్పగిస్తారు. 2024లో దీనికి యాప్ కూడా వచ్చింది.

డాబా మీద సిగ్నలు దొరికే మూలకు పోయి ఫోను చేసినాము. అవతల ఒక ఆడకూతురు. నిద్ర ఎట్లున్నది, తిండి ఎట్లున్నది, ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. చావాలన్న ఆలోచన వచ్చిందా అని కూడా సూటిగా అడిగింది. "లేదమ్మా" అన్నాము. అబద్ధము. పాఠాలు చెప్పేవాళ్లమే అబద్ధమాడినాము. నాలుగు రోజులకు మళ్లీ చేసి నిజము చెప్పినాము. ఆమె కంగారు పడలేదు, నీతులు చెప్పలేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఎవరిని లేపుతారు అన్నది. ఇంటావిడ పేరు చెప్పినాము. అయితే ఈ రాత్రే ఆమెకు చెప్పండి అన్నది. చెప్పినాము. ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చినాము.

తరువాత డాక్టరుకు చూపించుకున్నాము, కొన్నాళ్లు మందు వాడినాము. వారానికొకసారి హైదరాబాదులోని ఒక మానసిక నిపుణుడితో వీడియోలో మాట్లాడినాము. అది ఫీజు ఇచ్చుకునే పద్ధతి. ఆయన మాతో కాపీ పుస్తకములో రెండు గళ్లు గీయించినారు: జరిగినది ఒక గడి, మేము కలిపినది ఒక గడి. "బడిలో పిల్లలు తగ్గినారు" మొదటి గడి. "మా బతుకు అయిపోయింది" రెండో గడి. పిల్లలకు ఖాళీలు పూరింపించే మాకు ఇది రాయడానికి నెల పట్టింది. నిద్ర రాకుంటే మంచము మీద దొర్లవద్దు, లేచి కూర్చోండి అన్నారు. ఫికరు పడటానికి సాయంత్రము అరగంట కేటాయించమన్నారు. నవ్వుకున్నాము, కాని పనిచేసింది. అప్పు తీరలేదు. బడి సంగతీ తేలలేదు. నిద్ర మాత్రము వస్తున్నది. ఆ పిల్లవాడిని పిలిచి తప్పయిందని చెప్పినాము.

ఒక జాగ్రత్త. ఫోనులో సలహాదారులమని చెప్పుకొని పైసలు గుంజేవాళ్లూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టునని ఎవరన్నా అంటే భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషను ఉన్నదా అని అడగండి. మీ మాట బయటపడుతుందని భయము వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 23వ సెక్షను రోగి గుట్టు కాపాడమంటున్నది. ప్రాణము తీసుకోబోయి బతికినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని 115వ సెక్షను చెప్పుచున్నది. పోలీసు భయముతో దాచి, దవాఖానకు తీసుకుపోకుండా ఆలస్యము చేయకండి.

ఇక అసలు మాట. మాకు డాబా ఉన్నది, సొంత ఫోను ఉన్నది. రెండు గదుల ఇంట్లో అత్త ముందర కోడలు ఏమి మాట్లాడుతుంది? ఫోను మొగుడి జేబులో ఉంటుంది. అడవి లోపలికి పోతే సిగ్నలే ఉండదు. మన సొసైటీ ఆఫీసు వెనక గది, సామాను వేసి తాళము పెట్టినది, ఆదివారము రెండు గంటలు ఖాళీ చేసి, ఒక ఫోను, ఒక కుర్చీ వేయించాలని కమిటీని కోరుచున్నాము. ఎవరు వచ్చినారో రాసే రిజిస్టరు వద్దు. ఆడవాళ్ల గంటలో ఆ దిక్కు మగవాళ్లెవరూ ఉండవద్దు. తాళము చెవి మా దగ్గర ఉంచితే పొద్దున్నే వచ్చి గది ఊడ్చి, తలుపు తీసి మేము వెళ్లిపోతాము.