దాతయు వైద్యుడును
(పోషకుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నల్లబల్లపై వ్రాత కనబడని పిల్లలకు కంటి పరీక్ష చేయించి, కండ్లద్దములు ఇప్పించుటకై మన సంఘమువారు ఒక నిధిని ప్రారంభించుచున్నారు. చూపు చాలని బాలుడు మందబుద్ధి యను పేరు మోయుటను మేము తరగతులలో చూచుచునే యున్నాము. కావున ఈ కార్యము మాకు మిక్కిలి ప్రియమైనది. అయితే ఒక్క మనవి: చందా వసూలు చేయువారు మొదట వైద్యుని యొద్దకు పోవలెను, దాతల యొద్దకు పిమ్మట.

ఇందులకు మదురై నగరమే సాక్ష్యము. ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో అచ్చట 11 పడకలతో అరవింద నేత్ర వైద్యశాలను స్థాపించిరి. వారి గ్రామ శిబిరములలో స్థలము చూచుట, చాటింపు వేయించుట, శిబిరపు ఖర్చులు భరించుట ఊరి సంఘముల వంతు. పరీక్షయు శస్త్రచికిత్సయు వైద్యుల వంతు. చికిత్స ఉచితమనినను శుక్లములు గల పేదలు పలువురు రాకపోయిరి. బస్సు చార్జీకి లేదు; తోడు వచ్చువారు లేరు; కూలి పోవును. అది గ్రహించి, రాకపోకలను, భోజనమును కూడ చికిత్సలో భాగముగా చేర్చిరి.

ఇక కంటిలో నమర్చు కటకములు. అవి విదేశములనుండి రావలెను, వెల హెచ్చు, దానముగా వచ్చినవి అందరకు చాలవు. కటకములు పంపుటకు మారుగా వాటిని ఇచ్చటనే చేయు ఏర్పాటు కావలెనని తేలినది. సేవా ఫౌండేషనువారి తోడ్పాటుతో 1992లో ఆరోల్యాబ్ అను కర్మాగారము వెలసెను. రోగికి ఏమి కావలెనో వైద్యుడు చెప్పగా దాత వినుటవలన కలిగిన ఫలమిది.

అట్లు వినని చోట్లును కలవు. ఒకానొక ఊర చందాలు పందిరికిని, పూలదండలకును చెల్లిపోగా, పిల్లల చేతులలో వైద్యుని చీటీలు మాత్రము మిగిలెను. అద్దములు కొనుటకు సొమ్ము లేదు.

మన నిధి అట్లు కారాదు. ఎందరికి అద్దములు కావలెనో, ఎంత వ్యయమగునో, ఏది తనవలన కాదో వైద్యుడు ముందుగా చెప్పవలెను. ఎదుగు పిల్లల చూపు మారుచుండును గనుక మరుసటి యేటి పరీక్షకును సొమ్ము నిలుపవలెను. వసూలు చేయువారు వైద్యుడు చెప్పినదానికి మించి వాగ్దానము చేయరాదు. పైసతో సహా లెక్క చూపవలెను. ఎవరికి అద్దములు అవసరమో దాత నిర్ణయింపరాదు. పుచ్చుకొను బిడ్డను వేదికపై నిలబెట్టి ఫొటో తీయరాదు. పేదరికము ప్రదర్శన వస్తువు కాదు.

తలిదండ్రులారా, వైద్యుడును దాతయు చేయలేని పని యొకటి మీది. అద్దములు పెట్టుకొన్న పిల్లకు పెండ్లి కాదని కొందరు వాటిని పెట్టెలో దాచుచున్నారు. పెట్టెలోని అద్దములు చదువు చెప్పవు.

ముందు బల్లకు జరిగి కూర్చుండు పిల్లల పేర్లను, కండ్లు చికిలించి చదువు పిల్లల పేర్లను మా ఉపాధ్యాయులు వ్రాయుచున్నారు. ఆ పట్టిక మొదట వైద్యునికి చేరును. వారి మాట వచ్చిన పిమ్మటనే చందా పుస్తకము మీ గుమ్మమునకు వచ్చును. అప్పుడు యథాశక్తి ఆదరింప ప్రార్థన.