ఇంటిపేరు మారితే పి.ఎఫ్. ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రావిడెంట్ ఫండ్ అనగానే అది యూనియన్ల వ్యవహారమనీ, అకౌంటెంట్ చూసుకుంటాడనీ మనం పక్కన పెట్టేస్తాం. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

మగవాడు ఒక ఉద్యోగం మాని ఇంకో ఉద్యోగంలో చేరతాడు. స్త్రీ ఉద్యోగం మాని పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది, కొన్నేళ్లకి వేరే ఊళ్లో, తక్కువ జీతానికి మళ్లీ చేరుతుంది. ఈలోగా పాత ఖాతా ఏమవుతుంది?

1952 చట్టం కింద వచ్చిన పథకంలో ఒక నిబంధన రాశారు. ఉద్యోగం మానినవాళ్లు డబ్బంతా తీసుకోవాలంటే రెండు నెలలు ఆగాలన్నారు. పెళ్లి కోసం రాజీనామా చేసిన స్త్రీ మాత్రం ఆగనక్కర్లేదన్నారు. ఎంత ఔదార్యమో చూడండి! ఆమె దాచుకున్నది వృద్ధాప్యానికి కాదు, పెళ్లి ఖర్చుకేనని ముందే తేల్చేశారు.

అలా తీసుకుంటే పోయేది ఆ డబ్బొక్కటే కాదు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం, జీతం పరిమితికి లోబడి, 1995 నాటి పెన్షన్ పథకంలోకి వెళ్తుంది. 58వ ఏట పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఒకచోట ఆరేళ్లు, ఇంకోచోట ఐదేళ్లు చేసినామెకు రెండూ కలిస్తేనే పెన్షన్. మొదటి ఆరేళ్ల డబ్బూ తీసేసుకుంటే ఆ సర్వీసు లెక్కలోంచి పోయినట్టే.

సరే, కలుపుదామని వెళ్తే? నా సంగతే చెప్తాను. పాత సంస్థ రికార్డులో నాది పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో, రేషన్ కార్డు చూసి వాళ్లే రాసేసిన అత్తింటి పేరు. కొత్త సంస్థలో ఉత్త ఇనిషియల్. కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు స్త్రీలం! సరిచేయాలంటే పాత యజమాని సంతకంతో జాయింట్ డిక్లరేషన్ కావాలన్నారు. ఆ సంస్థేమో నేను మానేసిన తేదీ కూడా నమోదు చేయలేదు. పదకొండు నెలలు తిరిగాను. కాగితాలు చదవగలిగి, ఉత్తరాలు రాయగలిగిన నాకే ఇంత పట్టింది. మూతపడిన కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసినామె ఎవరి సంతకం తెస్తుంది?

2014లో యు.ఎ.ఎన్. నంబరు వచ్చింది. 2025 జనవరి నుంచి చాలా బదిలీలు యజమాని ద్వారా వెళ్లనక్కర్లేదన్నారు. మంచిదే. కానీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోలితేనే. పెళ్లితో పేరు మారేది ఎవరికి?

డబ్బు తీసేసుకునేవాళ్లని తెలియనివాళ్లని అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో యజమాని వాటాను 58 ఏళ్లదాకా ముట్టుకోకూడదని నిబంధన తెచ్చారు. ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు, ఎక్కువమంది స్త్రీలే, వీధుల్లోకొచ్చి దాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. ఆ ఫ్యాక్టరీల్లో 58 ఏళ్లదాకా ఎవర్ని ఉంచుతారు గనక!

మన స్వచ్ఛంద సంస్థల మాటేమిటి? గౌరవ వేతనమని పేరుపెట్టి పి.ఎఫ్. ఎగ్గొట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు. ప్రాజెక్టు అయిపోయాక, మానేసిన తేదీ నమోదు చేయకుండానే కార్యకర్తని పంపించేస్తున్నాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుందాం. ఆధార్, పాత జీతం చీటీలు తెచ్చినవాళ్లు ముందు వరసలోకి రండి. ఎవరి పేరు ఎక్కడ ఎలా ఉందో చూద్దాం.