అడిగి తీసిన సినిమా



బడి వరండాలో దుప్పటి కట్టి సినిమా వేసిన రోజుల్లో, దీపాలు వెలిగించగానే మా మాస్టారు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగేవారు. ఇది ఎవరి కథ? తీసింది ఎవరు? వాళ్లను అడిగే తీశారా? సినిమా బాగుందా లేదా అన్న మాట ఆ తర్వాతే. ఆ మూడో ప్రశ్న పట్టుకునే ఈ సాయంత్రం మిమ్మల్ని బొలీవియా తీసుకెళ్తున్నాను.

1969లో అక్కడ ‘యవార్ మల్కు’ అనే సినిమా వచ్చింది. ఆండీస్ కొండల రాబందు నెత్తురు అని దాని అర్థం. సాయం చేస్తామంటూ వచ్చిన అమెరికన్లు ప్రసూతి కేంద్రం తెరిచి, కెచువా ఆడవాళ్లకు చెప్పకుండానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తుంటారు. ఊరికి ఆ సంగతి తెలుస్తుంది. కథ అదే.

దర్శకుడు హోర్హె సాన్హినెస్ బృందం సామాన్లు మోసుకుని కాటా అనే కొండ ఊరికి చేరింది. ఊరి పెద్ద ముందే ఒప్పుకున్నాడు కాబట్టి ఊరంతా ఒప్పుకున్నట్టే అనుకున్నారు. తీరా వెళ్తే ఒక్కరూ కెమెరా ముందుకు రాలేదు. కూలి కంటే ఎక్కువ ఇస్తామన్నా కదల్లేదు. అప్పుడు తెలిసొచ్చింది, అక్కడ మాట ఇచ్చేది మనిషి కాదు, ఊరు. చివరికి తమ సంగతి తేల్చే పని ఊరివాళ్లకే అప్పగించారు. రాత్రి ఊరంతా కూర్చుంది. యాతిరి, అంటే మన సోదె చెప్పేవాళ్లలాంటి పెద్ద, కోకా ఆకులు పరిచి చూశాడు. ఆకులు వద్దంటే మూటాముల్లె సర్దుకుని కొండ దిగడమే. ఆకులు సరేనన్నాయి. ఆ ఊరి పెద్ద మార్సెలినో యానావాయానే కథానాయకుడయ్యాడు.

ఆ రాత్రి సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. భూమి కోసం ఏ కంపెనీ అయినా ఊళ్లోకి వచ్చినప్పుడూ ముందుగా ఒక పెద్దమనిషినే వెతుక్కుంటుంది. ఒక్క వేలిముద్ర చాలనుకుంటుంది. సినిమావాళ్లూ అదే తప్పు చేశారు. కాకపోతే తప్పు తెలిసి తలవంచారు. లా పాస్ నగరంలో ఆ సినిమాను ప్రభుత్వం ఆపబోతే జనం వీధుల్లోకి వచ్చి ఆడించుకున్నారు. 1971లో బొలీవియా, సాయానికంటూ వచ్చిన అమెరికన్ పీస్ కోర్‌ను దేశం నుంచి పంపేసింది. అంతా సినిమా వల్లే అనను, కానీ ఆ కోపానికి అది గొంతు ఇచ్చింది.

నలభై ఏళ్లకు, 2010లో, స్పెయిన్ దర్శకురాలు ఇసియార్ బొయాయిన్ ‘తంబియెన్ లా యువియా’ తీసింది. ‘వాన కూడా’ అని అర్థం. కొలంబస్ మీద సినిమా తీద్దామని ఒక స్పెయిన్ బృందం కోచబాంబా నగరానికి వస్తుంది. కారణం ఒక్కటే, అక్కడ మనుషులు చవక. నిర్మాత ఫోనులో ఇంగ్లీషులో, రోజుకు రెండు డాలర్లిస్తే వీళ్లు పొంగిపోతున్నారని చెబుతుంటాడు. పక్కనే ఉన్న డానియెల్, వాళ్ల సినిమాలో నటించే స్థానికుడు, విని, ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. అమెరికాలో కట్టడం పనికి వెళ్లొచ్చినవాడు మరి. ఇంకోచోట, పసిబిడ్డల్ని ఏట్లో ముంచుతున్నట్టు నటించమంటే ఆడవాళ్లు ససేమిరా అంటారు. బొమ్మలు పెడతామన్నా ఒప్పుకోరు. ఆ ఊహే వాళ్లకు పట్టదు. దర్శకుడికి అది అర్థం కాదు. నా దృష్టిలో ఈ సినిమాకు ప్రాణం ఆ దృశ్యమే. లోపమూ చెప్పాలి. కథ చివరికి నిర్మాత మనసు మారడం చుట్టూ తిరుగుతుంది, డానియెల్ పక్కకు జరుగుతాడు.

సినిమాలో డానియెల్ నీళ్ల కోసం పోరాడతాడు. ఆ పోరాటం మాత్రం నిజంగా జరిగిందే. 1999లో కోచబాంబా నీళ్లను నలభై ఏళ్లకు ‘అగ్వాస్ దెల్ తునారి’ అనే కంపెనీకి రాసిచ్చారు. దాని వెనక అమెరికాకు చెందిన బెక్టెల్ ఉంది. కొన్ని ఇళ్లకు బిల్లు రెట్టింపయింది. జనం చందాలేసుకుని తవ్వుకున్న బావులకూ గండం వచ్చింది. చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు ఆస్కార్ ఒలివెరా, రైతులు, బస్తీవాళ్లు, నీటి సంఘాలవాళ్లు ఒక్కటయ్యారు. 2000 ఏప్రిల్‌లో 17 ఏళ్ల కుర్రాడు తూటాకు బలయ్యాడు. ఆ నెలలోనే ఒప్పందం రద్దయింది. 2001 జనాభా లెక్కల్లో ఆ దేశంలో 62 శాతం పెద్దలు తాము ఆదివాసులమన్నారు. లెక్కలో ఎక్కువ, అధికారంలో తక్కువ. 

మనకు దగ్గరలోనూ ఆదివాసుల పోరాటం మీద ఒక సినిమా ఉంది. 2005లో అమరేంద్ర దాస్, సమరేంద్ర దాస్ తీసిన ‘విరా ప్డికా’లో బాక్సైట్ కొండల ఆదివాసులే కుయి భాషలో తమ మాట తాము చెబుతారు. ఒడిశాలోని ఆ కొండల్లో ఒకటైన నియమగిరి నీళ్లు వంశధారగా మన శ్రీకాకుళం జిల్లా దాటి కళింగపట్నంలో సముద్రం చేరతాయి.

మన ఏజెన్సీకి కెమెరాతో వెళ్తున్న పిల్లలకు ఒక్క మనవి. ముందు ఊరంతటినీ అడగండి, వద్దంటే తిరిగి రండి. తీసింది మొదట ఆ ఊళ్లోనే చూపించండి. సుప్రీంకోర్టు చెప్పాక 2013లో బాక్సైట్ తవ్వాలా అని నియమగిరి మీద 12 పల్లెల గ్రామసభల్ని అడిగారు. పన్నెండూ తవ్వొద్దన్నాయి.