ఇంటనున్న సంఘము



క్రైస్తవ విశ్వాసము కుటుంబ జీవనమునకు ఎట్లు బలము కలిగించుచున్నదో చెప్పుటకు ఈ సాయంకాలము నేను మీ యెదుటికి వచ్చితిని. ఇట్టి విషయమును గూర్చి మాటలాడువాడు తన మతమును పొగడుకొని, ఇతరుల యిండ్లను తక్కువ చేయునేమో యని మీకు సందేహము కలుగవచ్చును. నా యుద్దేశము అది కాదు. ప్రేమయు, ఓర్పును, పెద్దలయెడ గౌరవమును ఏ యొక్క మతమువారి సొత్తును కావు. నేనెఱిగిన యింటిని గూర్చియే చెప్పెదను. ఆ యింటి దూలము దేనిపై నిలిచియున్నదో, ఎచ్చట చెదలు పట్టినదో, రెండును చెప్పుట నా విధియని తలంచుచున్నాను.

తొలికాలపు క్రైస్తవులకు దేవాలయములు లేవు. వారు కూడినది ఇండ్లలోనే. అకుల, ప్రిస్కిల్ల యను దంపతులు డేరాలు కుట్టి బ్రతుకువారు. వారి యింటనున్న సంఘమునకు పౌలు తన పత్రికలలో వందనములు చెప్పెను. ఫిలేమోను ఇంటను అట్టి సంఘమే యుండెను. సిరియాదేశమున యూఫ్రటీసు నదీతీరమందలి దూరా యూరోపస్ అను ప్రాచీన నగరమును త్రవ్వినపుడు, 1932 ప్రాంతమున, అట్టి యిల్లొకటి బయల్పడినది. మూడవ శతాబ్దపు పూర్వభాగమున ఎవరో సామాన్య గృహస్థులు, రెండు గదుల నడిమి గోడను తీసివేసి, ప్రార్థనకు తగిన చావడిగా చేసికొనిరి. గోపురము లేదు, గంట లేదు. ఉన్నది కాపురపు టిల్లే. ఈ విశ్వాసము మొదటినుండియు పొయ్యి ప్రక్కను, పసిపిల్లల నడుమను పెరిగినది. తిమోతికి భక్తి అబ్బినది అమ్మమ్మయైన లోయి వలనను, తల్లియైన యునీకే వలనను. అతని తండ్రి గ్రీసుదేశస్థుడు. ఇంటిలో అందఱును ఒక్క మతమువారు కాకున్నను, ఇద్దఱు స్త్రీల శ్రద్ధ ఒక బిడ్డను తీర్చిదిద్దగలిగెను.

మన తెలుగుదేశమునను ఇదియే చరిత్ర. ఒంగోలు ప్రాంతమున ఎర్రగుంట్ల పేరయ్య యను చర్మపు వర్తకుడు 1866లో బాప్తిస్మము పొందెను. అతడొక్కడే పొందలేదు; భార్య నాగమ్మయు అతనితోపాటు పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో సంఘము స్థాపింపబడినపుడు అందలి సభ్యులు ఎనమండుగురు. పండ్రెండేండ్లు తిరుగకముందే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దొరల బోధ యొక్కటియే ఇంతపని చేయలేదు. మగని ప్రక్కను మగువయు, వారి వెంట బిడ్డలును నడచి వచ్చుటచేతనే ఆ విశ్వాసము పల్లెలలో వేరుదన్నెను.

కాని దాచరాని మాట యొకటి కలదు. ఈ విశ్వాసము ఇండ్లను విడదీసిన దినములును ఉన్నవి. మతము మారిన కొడుకును తండ్రి గడపదాటి రానీయకుండుట, కూతురు బ్రతికియుండగనే తల్లి ఆమెకు నీళ్లు వదలుకొనుట, మన దేశమున జరిగినవే. తన మాట నిమిత్తము తండ్రికిని కొడుకునకును ఎడబాటు కలుగునని క్రీస్తు తానే ముందుగా హెచ్చరించియుండెను. అట్లయిన ఈ విశ్వాసము కుటుంబమునకు బలమని యెట్లు చెప్పగలమని మీరడుగవచ్చును. నాకు తోచిన యుత్తర మిది: క్రైస్తవ విశ్వాసము కుటుంబమును దేవునిగా చేయదు. ఇంటి యజమానికి పైన మఱియొక యజమానుడు కలడని అది చెప్పును. తండ్రి మాటయే కడపటి తీర్పు కాదు. అత్తగారి మాటయు కాదు. సంపాదించు కొడుకు మాటయు కాదు. అందఱును ఒక్కనికే లెక్క చెప్పవలసినవారు. ఈ యొక్క భావము గట్టిగా నాటుకొనిన యింట, బలవంతుని చేయి కొంత తగ్గును, బలహీనుని తల కొంత ఎత్తబడును. ఆ యింటి బలమునకు మూలము ఇదియే.

ఈ భావము నిత్యజీవనములోనికి దిగివచ్చుటకు మెట్లు కొన్ని యున్నవి. వానిలో మొదటిది కుటుంబ ప్రార్థన. ప్రొద్దుగూకిన పిమ్మట, భోజనమునకు ముందో తరువాతనో, ఇంటివారందఱును చాపపై కూర్చుండి ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయము చదివి, ప్రార్థన చేయుదురు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను పుస్తకము చూడకయే పాడగల ముసలమ్మలను నేనెఱుగుదును. వారిలో పెక్కండ్రకు అక్షరము రాదు. అట్టి యింట చదువుటకు ఎవరున్నారు? బడికి పోవు పదేండ్ల పిల్ల. ఆ పిల్ల చదువగా తండ్రి చేతులు కట్టుకొని వినును. ఆడపిల్లకు చదువెందుకను ప్రశ్నకు ఆ దృశ్యముకంటె గొప్ప సమాధాన మేది కలదు?

మఱియొక సంగతి. అన్నిటికంటె ఇదియే ముఖ్యమని నా తలంపు. బలిపీఠము నొద్దకు అర్పణము తెచ్చినవాడు, సహోదరునికి తనపై మనస్తాపమున్నదని జ్ఞప్తికి వచ్చినచో, అర్పణము నచ్చటనే విడిచి, ముందు పోయి సమాధానపడవలెనని క్రీస్తు బోధించెను. ప్రొద్దు గ్రుంకువఱకు కోపము నిలుపుకొనరాదని పౌలు వ్రాసెను. దేవళమున వందమంది నడుమ మనసులోని పగను దాచవచ్చును. చిన్న చాపపై, మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండినచోట దాచుట కష్టము. కృష్ణాతీరపు పల్లెలో నేనెఱిగిన యింట, భార్యాభర్తలు పగలు మాట పట్టింపు పడిన దినమున ప్రార్థనవేళకు ఇద్దఱికిని గొంతు పెగలకుండెడిది. కడకు ఎవరో యొకరు ముందుగా మాట కలుపవలసివచ్చెడిది. లేనిచో కీర్తన మొదలు కాదు. ఆ కోపము మఱునాటికి మిగులలేదు. ఇందు అద్భుతమేమియు లేదు. దినమున కొక్కమాఱు సమాధానపడక తప్పని వేళ యొకటి ఏర్పడినది, అంతియే.

రెండవది, ఒక్కొక్క బిడ్డపై ప్రత్యేకముగా ఉంచు శ్రద్ధ. ఇంగ్లాండున ఎప్‌వర్త్ అను గ్రామమున సుసన్నా వెస్లీ యను గురుపత్ని యుండెను. ఆమె జీవితకాలము 1669 మొదలు 1742 వఱకు. ఆమెకు పందొమ్మండుగురు బిడ్డలు పుట్టిరి. అందు దాదాపు సగముమంది పసితనముననే పోయిరి. భర్త 1705లో అప్పులకై చెఱసాల పాలయ్యెను. 1709లో ఇల్లు కాలిపోయెను. ఇన్ని యిక్కట్లలోను ఆమె వారమున ఒక్కొక్క సాయంకాలమును ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుటకు కేటాయించెను. జాన్ వంతు గురువారము. ఆ జాన్ పెరిగి పెద్దవాడై, ఆక్స్‌ఫర్డున పండితుడై యుండియు, ఆ గురువారపు గడియను తనకు మరల ఇమ్మని తల్లికి జాబు వ్రాసెను. ఆమె బిడ్డకు ఇచ్చినది ధనము కాదు. ఆమె యొద్ద ధనము లేదు. ఇచ్చినది ఒక్క గడియ.

మూడవది, ఇతరుల కొఱకు తీసియుంచుట. మన తెలుగు సంఘములలో పిడికెడు బియ్యమను ఆచారము కలదు. ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి వేఱుకుండలో వేయును. ఆదివారమున దానిని సంఘమునకు తెచ్చును. చేటలోని బియ్యము చాలని యింటనుండియు ఆ పిడికెడు వచ్చుచుండెను. తల్లి చేతిని నిత్యము చూచు బిడ్డ, తమ యింటి ఆకలికంటె వేఱైన ఆకలియు లోకమున నున్నదని మాటలు లేకయే నేర్చుకొనును. తనకు మాత్రమే బ్రతుకు కుటుంబము భాగములు పంచుకొనునాడు పగులును. ఇచ్చుట నేర్చిన కుటుంబము ఆనాడు నిలుచును.

ఇక చెదలు పట్టిన చోటు చెప్పవలెను. భార్యలు భర్తలకు లోబడవలెనని పౌలు వ్రాసిన మాట మన పెండ్లిండ్లలో తఱచుగా వినబడును. దానికి ముందటి వాక్యమున అందఱును ఒకరికొకరు లోబడవలెనని యున్నది. దాని తరువాత, క్రీస్తు సంఘముకొఱకు ప్రాణమిచ్చినట్లు భర్త భార్యను ప్రేమింపవలెనని యున్నది. తండ్రులు బిడ్డలకు కోపము రేపరాదనియు ఉన్నది. బిడ్డలపై తండ్రికి అపారమైన అధికారమిచ్చిన రోమక లోకమున, బలవంతునిపై ఇట్టి విధిని మోపుట క్రొత్తమాట. నడిమి వాక్యము నొక్కదానిని పట్టుకొని తక్కినవానిని విడుచుట వేదము చదువుట కాదు.

మన చట్టములును ఈ పక్షపాతమును చాలకాలము మోసినవి. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము భర్త భార్యయొక్క వ్యభిచారమును రుజువు చేసిన చాలియుండెను. భార్య యైనచో సాధారణముగా దానితోపాటు క్రూరత్వమునో, విడిచిపెట్టుటనో కూడ చూపవలసియుండెను. 2001లో గాని ఈ భేదము తొలగలేదు. 1925 నాటి వారసత్వ చట్టము కొమార్తెకును కొమారునకును సమాన భాగమిచ్చుచున్నది. ఐనను కట్నమిచ్చితిమి గదా యని ఆమెచేత హక్కు వదలించుకొను ఇండ్లు మనలో కొఱవడలేదు. 1961లో కట్నము నిషేధింపబడినది, పెండ్లిబేరములు ఆగినవా? ఒకే బల్లయొద్ద రొట్టె విఱిచి తినినవారు పెండ్లిసంబంధము వచ్చునప్పటికి కులమేదని విచారించుట లేదా?

దెబ్బలు తిని పుట్టినింటికి వచ్చిన కూతునకు, క్షమింపుమని చెప్పి మరల పంపు పెద్దలున్నారు. వారికి నేను వినయముతో ఒక్కమాట మనవి చేసెదను. క్షమ యనగా తప్పును కప్పిపుచ్చుట కాదు. తప్పు చేసినవాడు ఒప్పుకొని, మాని, మాఱుట లేనిచోట సమాధానము లేదు. ముందు ఆ యింటి బలహీనురాలికి రక్షణ కావలెను. అటుపిమ్మటనే సంధి. కొట్టు చేతిని అడ్డుకొనని ప్రార్థన ఆ యింటికి బలము కాదు.

నేటి దినములలో కొడుకు హైదరాబాదులో, కూతురు దుబాయిలో, తల్లిదండ్రులు పల్లెలో ఉందురు. ఒకే చాపపై కూర్చుండుట అందఱికిని సాధ్యము కాకపోవచ్చును. ఐనను టెలిఫోనున పది నిమిషములు ఒక కీర్తన పాడుకొని, ఒకరి పేరు ఒకరు తలంచి ప్రార్థించు కుటుంబములున్నవి. చాప పోయినను గడియ నిలిచినది. నిలుపుకొనవలసినదియు ఆ గడియయే.

కావున సోదర సోదరీమణులారా, ఆదివారపు ఉడుపులతోపాటు విశ్వాసమును మడిచి పెట్టెలో నుంచిన యింటికి దానివలన లాభము లేదు. రాత్రి దీపమార్పుటకు ముందు, ఈ యింట నేడు నావలన నొచ్చినవారెవరని ఒక్కొక్కరును తమ్ము తాము అడుగుకొని, లేచి పోయి వారితో మాటలాడిన చాలును. ఇంటనున్న సంఘము ఆ మాటతో మొదలగును.